యంత్రాన్ని అడగాలా, యంత్రానికి చెప్పాలా?

బాబాయి రూటర్లకీ సెట్‌టాప్ బాక్సులకీ లినక్స్ కట్టిపెట్టే ఉద్యోగంలో జుట్టు నెరిసినవాడు. అమ్మాయి ఆయన అన్న కూతురు, ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకం ముందు పెట్టుకుని, కంపైలర్ దగ్గర్నుంచి లాగిన్ ప్రోగ్రాము దాకా ఒక్కొక్కటీ సోర్స్ నుంచి కంపైల్ చేసి సొంత లినక్స్ తయారు చేసుకుంది. గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన పుస్తకం అది. ఏ ప్యాకేజీ తర్వాత ఏది, ఏ ఆజ్ఞ ఎక్కడ కొట్టాలి, వరసగా చెబుతుంది. దాని లెక్కంతా ఇంటెల్, ఏఎండీ చిప్‌ల మీదే. తగాదా కూడా అక్కడే పుట్టింది.

బాబాయి: కట్టేశావటగా. బూట్ అయిందా?

అమ్మాయి: అయింది బాబాయ్. కంపైలర్‌కి ‘-మార్చ్=నేటివ్’ ఇచ్చి కట్టాను. నా ప్రాసెసర్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకుంటుంది.

బాబాయి: ఆ డిస్కు ఊడదీసి తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడు. అదీ 64 బిట్లదేగా.

అమ్మాయి: ఎందుకు పెట్టాలి? అక్కడ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చచ్చిపోతుందని నాకు తెలుసు. నా కొలతలకి కుట్టించుకున్న జాకెట్టు పక్కింటావిడకి పట్టలేదని దర్జీని తిడతామా? అందరికీ పట్టేది కావాలంటే డెబియన్ డౌన్‌లోడ్ చేసుకునేదాన్ని. సోర్స్ నుంచి కట్టుకునేదే నా మెషిన్ కోసం.

బాబాయి: సరే, నీ కొలతలకే అనుకుందాం. ఆ కొలతలు తీసింది ఎవరు?

అమ్మాయి: యంత్రమే చెప్పింది. ‘యూనేమ్ -ఎం’ అని అడిగితే ఎక్స్86_64 అంది. పుస్తకం కూడా అదే చేయమంటుంది. ఆ జవాబుకి వెనకాల ‘ఎల్ఎఫ్ఎస్-లినక్స్-గ్నూ’ తగిలించి, టార్గెట్ పేరు తయారు చేసుకోమంటుంది.

బాబాయి: యూనేమ్ చెప్పేది కెర్నెల్ సంగతి తల్లీ, నీ కంపైలర్ సంగతి కాదు. కెర్నెల్ 64 బిట్లది, దాని మీద ఉన్న ప్రోగ్రాములన్నీ 32 బిట్లవి అయిన మెషిన్లు బోలెడు. అక్కడ యూనేమ్ ఎక్స్86_64 అంటుంది, జీసీసీ మాత్రం ఐ686 కోడే పుట్టిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో 32 బిట్ల ఓఎస్ వేసుకున్నా 2023 నుంచి మామూలుగా 64 బిట్ల కెర్నెల్‌తోనే బూట్ అవుతోంది. అక్కడ నీ పుస్తకం పద్ధతిలో అడిగితే ఏఆర్చ్64 అన్న జవాబొస్తుంది. ఉన్న కంపైలర్ ఆర్మ్ 32 బిట్లది. మొదటి అడుగే తప్పు దిశలో పడిందా లేదా?

అమ్మాయి: అలాంటి చోట ‘లినక్స్32’ అనే ఆజ్ఞ ఉంది బాబాయ్. దాని లోపల షెల్ తెరిస్తే యూనేమ్ 32 బిట్ల పేరే చెబుతుంది.

బాబాయి: అంటే యంత్రం చేత అబద్ధం చెప్పించి, ఆ అబద్ధాన్నే నమ్ముకుని కట్టుకుంటూ పోవడమన్నమాట. అంతకంటే నేరుగా కంపైలర్‌నే అడగొచ్చుగా. ‘జీసీసీ -డంప్‌మెషిన్’ అంటే తను ఎవరికోసం కోడ్ పుట్టిస్తుందో అదే చెబుతుంది. అయినా నా మాట ఇంకో మెట్టు పైది. అడగడమే వద్దంటాను. ఏ చిప్‌కి కడుతున్నానో నేను రాసిపెడతాను. బిల్డ్ ఏ మెషిన్ మీద నడుస్తోందన్నది దానికి అనవసరం.

అమ్మాయి: మీరు రూటర్ల మనిషి కాబట్టి అలా అంటారు. రూటర్‌లో కంపైలర్ పట్టదు, కాబట్టి పీసీ మీద కూర్చుని దానికి క్రాస్ కంపైల్ చేసేవారు. నేను కట్టే మెషిన్, నడిపే మెషిన్ ఒకటే.

బాబాయి: ఒకటే అయితే మరి ఆ పేరు మధ్యలో ‘ఎల్ఎఫ్ఎస్’ ఎందుకు పెట్టమన్నాడు? మామూలుగా అక్కడ ‘పీసీ’ అనో ‘అన్‌నోన్’ అనో ఉంటుంది. తయారీదారు పేరు ఉండాల్సిన గడి అది. దానికి ఏ అర్థమూ లేదు. కానీ ఆ ఒక్క ముక్క మార్చగానే కాన్ఫిగర్ స్క్రిప్టు రెండు పేర్లనీ పోల్చి, ఇవి వేరు వేరు మెషిన్లు అనుకుంటుంది. అనుకోగానే పాత సిస్టమ్ లైబ్రరీల జోలికి పోదు. తను పుట్టించిన ప్రోగ్రాముని అక్కడికక్కడ నడిపి చూడదు. ఒకే మెషిన్ మీద ఉంటూ, ఇది పరాయి మెషిన్ అని నటించడమే ఆ పద్ధతంతా. ఎక్స్86 తప్ప వేరే గొడవ లేని పుస్తకం కూడా 2020 సెప్టెంబరులో 10.0 వెర్షన్‌తో ఈ దారికొచ్చింది. అంతకుముందు ఏళ్లుగా క్రాస్ లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ వాళ్లు పవర్‌పీసీ, మిప్స్, స్పార్క్‌లకి ఇలా కట్టి చూపించారు. పరాయి చిప్‌కి కట్టే క్రమశిక్షణ సొంత చిప్‌కి కూడా మేలని తేలాకే తెచ్చుకున్నారు.

అమ్మాయి: మీరు ఆ కథ సగంలో ఆపేశారు. టూల్‌చెయిన్, కొన్ని చిన్న ప్రోగ్రాములు అలా కట్టాక సీహెచ్‌రూట్ చేసి కొత్త సిస్టమ్‌లోకి దూకుతాం. అక్కడ్నుంచి చివరిదాకా అంతా నేటివ్. కాన్ఫిగ్.గెస్ అనే స్క్రిప్టు మళ్లీ యంత్రాన్నే అడుగుతుంది. పుస్తకమే మీ మాట వినలేదు. ఎందుకు వినలేదో కూడా చెబుతాను. నడిపి చూసే వీలు లేనప్పుడు కాన్ఫిగర్ ఊహించి రాస్తుంది. సున్నా బైట్లు అడిగితే మ్యాలక్ ఏమిస్తుందో నడిపితే తెలుస్తుంది. క్రాస్‌లో నడపలేదు కాబట్టి ‘ఏమో, పాడైపోయిందనుకుందాం’ అని రాసి, మ్యాలక్ బదులు ‘ఆర్‌పీఎల్_మ్యాలక్’ అని పిలుస్తుంది. ఆ పేరుతో ఫంక్షనే ఉండదు, లింకర్ దగ్గర బిల్డ్ ఆగిపోతుంది. దాన్ని దాటడానికి, నడపకుండానే జవాబు నమ్మించేలా ‘ఏసీ_సీవీ’ వేరియబుల్స్ చేత్తో రాసుకోవాలి. ఒక్కో ప్యాకేజీకి ఎన్నో.

బాబాయి: రాసుకున్నాం. ఫైల్లో పెట్టుకుని ఏళ్లపాటు వాడుకున్నాం. ఒకసారి రాస్తే ఎప్పటికీ ఉంటుంది.

అమ్మాయి: తప్పు రాస్తే తప్పు కూడా ఎప్పటికీ ఉంటుంది. అందుకే డెబియన్ వాళ్లు తమ ప్యాకేజీలు క్రాస్ చేయరు. ఆర్మ్‌కి ఆర్మ్ మెషిన్ మీద, ఎస్390ఎక్స్‌కి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద, దేనిది దాని మీదే కంపైల్ చేస్తారు. ఇన్ని ఆర్కిటెక్చర్లు మోసేవాళ్లు వాళ్లు. మీ సిద్ధాంతం అంత గొప్పదైతే వాళ్లే మొదట పాటించేవాళ్లు.

(ఇక్కడ బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఈ వాదానికి ఆయన దగ్గర జవాబు లేకపోలేదు, కానీ పూర్తి జవాబు లేదు. డెబియన్ ఉదాహరణ గట్టిది.)

బాబాయి: డెబియన్ వాళ్లు ఆర్మ్ మెషిన్ మీద కడతారు, నిజమే. కానీ ‘నువ్వు ఏ ఆర్మ్‌వి?’ అని ఆ మెషిన్ని అడగరు. కంపైలర్‌లో కనీస స్థాయి ముందే కట్టేసి ఉంటుంది. సర్వర్ ఎంత కొత్తదైనా సరే, ఆ స్థాయి దాటి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ వాడకూడదు. దాటితే అది బగ్. నీ ‘మార్చ్=నేటివ్’ పెట్టిన ప్యాకేజీని వాళ్లు లోపలికి రానివ్వరు. ఎక్కడ కట్టావన్నది కాదమ్మా నా గొడవ, ఎవర్ని అడిగి కట్టావన్నది.

అమ్మాయి: అది మీరిప్పుడు మార్చిన మాట. ఇందాక క్రాస్ అన్నారు.

బాబాయి: మార్చాననుకో. జీఎంపీ ఎలా కట్టావు?

అమ్మాయి: పుస్తకంలో ఉన్నట్టే. కాన్ఫిగర్, మేక్, మేక్ చెక్.

బాబాయి: అక్కడ ఒక గమనిక ఉంటుంది. చాలామంది దాటేసి పోతారు. జీఎంపీ పెద్దపెద్ద అంకెల లెక్కలు చేసే లైబ్రరీ. దానికి సొంత గెస్ స్క్రిప్టు ఉంది. అది ఎక్స్86_64 అనే మామూలు జవాబుతో ఊరుకోదు. హాస్‌వెల్ అనో జెన్ అనో చిప్ ఇంటిపేరు పట్టుకుని, ఆ చిప్ కోసమే రాసిన అసెంబ్లీ ఎంచుకుంటుంది. నువ్వు ‘మార్చ్=నేటివ్’ అనకపోయినా అంతే. ఇప్పుడు జీసీసీ దేనిమీద నడుస్తుంది? జీఎంపీ మీదే. డిస్కు పాత మెషిన్‌కి మార్చితే మొదట చచ్చేది నీ కంపైలర్. దాన్ని బాగుచేద్దామంటే కంపైల్ చేయడానికి ఏదీ మిగలదు. లిబ్‌ఎఫ్ఎఫ్ఐ అనే ఇంకో లైబ్రరీకి కూడా ఆ పుస్తకం నేటివ్ అనే చెబుతుంది, కింద హెచ్చరికతో. మొత్తం పుస్తకం జాగ్రత్తగా సాధారణ కోడ్ కట్టుకుంటూ వచ్చి, రెండు మూడు చోట్ల నిశ్శబ్దంగా ఆ మెషిన్‌కి తాళం వేసేస్తుంది.

అమ్మాయి: దానికి మందు కూడా అక్కడే రాశారు. కాన్ఫిగర్‌కి ‘హోస్ట్=నన్-లినక్స్-గ్నూ’ ఇస్తే సాధారణ కోడ్ కడుతుంది.

బాబాయి: చూశావా. మందు ఏమిటి? ‘అడక్కు, నేను చెబుతున్నాను’ అనడమే.

అమ్మాయి: సరే, ఇది ఒప్పుకుంటాను. నేనే కావాలని నేటివ్ పెట్టడం వేరు, నాకు తెలియకుండా ఒక లైబ్రరీ పెట్టేసుకోవడం వేరు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. నా ఒక్క మెషిన్‌కి కట్టుకుంటుంటే ఈ పేర్ల గోల ఎంతవరకు పట్టించుకోవాలి? లిబ్64 సంగతే చూడండి. జీసీసీ సోర్స్‌లో ‘టీ-లినక్స్64’ అనే ఫైలు తెరిచి సెడ్‌తో లిబ్64ని లిబ్‌గా మార్చమంటాడు. ఎందుకో తెలియకుండానే కొట్టేశాను. బాగానే నడుస్తోంది.

బాబాయి: ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఏఎండీ వాళ్ల 64 బిట్ల చిప్ ఆప్టెరాన్ 2003 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికే లోకమంతా 32 బిట్ల ప్రోగ్రాములు. అవి ‘/లిబ్’లో తమ లైబ్రరీల కోసం వెతుకుతాయి. వాటిని కదిలించకుండా కొత్తవాటికి ‘/లిబ్64’ అని పక్కన ఇంకో డైరెక్టరీ పెట్టారు. పాతవి అక్కర్లేదనుకున్న నీలాంటివాళ్లకి రెండు డైరెక్టరీలు దండగ. అందుకే ఆ సెడ్. కానీ ఒక్కటి మాత్రం ఎవరూ మార్చలేరు. ప్రతి 64 బిట్ల ప్రోగ్రాము లోపలా లోడర్ చిరునామా ‘/లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2’ అని చెక్కి ఉంటుంది. అందుకే లిబ్64ని తీసేశాం అనుకుంటూనే, ఆ ఒక్క ఫైలు కోసం అందులో సింబాలిక్ లింకు పెడతావు. డెబియన్ తన లైబ్రరీలన్నీ ‘/యూఎస్ఆర్/లిబ్’ కింద ఆర్కిటెక్చర్ పేరుతో వేరే డైరెక్టరీలో పెట్టుకుంది. అయినా ఆ లింకు వదల్లేదు.

అమ్మాయి: ఆ లింకు మర్చిపోతే వచ్చే ఎర్రర్ నాకు తెలుసు. ఫైలు కళ్లముందే ఉంటుంది, ఎల్ఎస్ కొడితే కనబడుతుంది. నడపమంటే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. లేనిది ఆ ఫైలు కాదు, దాని లోడర్. క్లాసులో సగంమంది ఇక్కడే వదిలేశారు.

బాబాయి: ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తే ఆ చిప్ జాతే వేరు, కెర్నెల్ గుర్తుపట్టలేదు. ‘నో సచ్ ఫైల్’ వస్తే జాతి ఒకటే కావచ్చు, లోడర్ దారి తప్పింది. ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ వస్తే జాతీ దారీ ఒకటే, కనీస స్థాయి తేడా. ఈ మూడూ వేరుచేసి చదవడం వస్తే సగం పనయినట్టే. సరే, ఇప్పుడు ఆ సెడ్‌ని పై 4 మీదకి తీసుకుపో. 64 బిట్ల ఓఎస్ వేసుకో. ఏమవుతుంది?

అమ్మాయి: ఆ ఆజ్ఞ ‘కేస్’ లోపల ఉంటుంది. యూనేమ్ ఎక్స్86_64 అంటే సెడ్ నడుస్తుంది...

బాబాయి: ఏఆర్చ్64 అంటే?

అమ్మాయి: దానికి కొమ్మ లేదు. ఏమీ చేయకుండా దాటిపోతుంది.

బాబాయి: ఏమీ అనకుండా కూడా. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అక్కడ మార్చాల్సిన ఫైలు ‘టీ-ఏఆర్చ్64-లినక్స్’. దాన్నెవరూ ముట్టుకోలేదు కాబట్టి జీసీసీ తన లైబ్రరీలు లిబ్64లో పెడుతుంది, మిగతా ప్యాకేజీలు లిబ్‌లో పెడతాయి. లోడర్ మళ్లీ ‘/లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఏఆర్చ్64.ఎస్ఓ.1’. పక్కా 64 బిట్ల చిప్, లోడర్ మాత్రం లిబ్64లో ఉండదు. రిస్క్-ఫైవ్‌కి ఇంకో పేరు, అందులో ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి కూడా కలిసి ఉంటుంది. ఎక్స్86 చూసి నేర్చుకున్న అలవాటు ఏ ఒక్కదానికీ పనికిరాదు. ఎప్పుడో వంద ప్యాకేజీల తర్వాత ‘లిబ్‌ఎస్‌టీడీసీ++ దొరకలేదు’ అని వస్తుంది. తప్పు జరిగింది మొదటిరోజు.

అమ్మాయి: అయితే ఆ కేస్‌లో ఆఖరున నక్షత్రం గుర్తు (*) కొమ్మ పెట్టి, ‘ఈ చిప్ నాకు తెలియదు’ అని బిల్డ్ ఆపేయాలి.

బాబాయి: అదే మాట! నేను రాసే ప్రతి స్క్రిప్టులోనూ ఆ కొమ్మ ఉంటుంది.

అమ్మాయి: ఇప్పుడు నా వంతు. మీరు పేరు రాసిపెట్టమంటున్నారు. పేరు మాత్రం నిజం చెబుతుందా? ‘ఆర్మ్-లినక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్’ అంటే ఏ చిప్?

బాబాయి: ఆర్మ్ 32 బిట్లు, హార్డ్ ఫ్లోట్.

అమ్మాయి: డెబియన్‌లో దాన్నే ‘ఆర్మ్‌హెచ్ఎఫ్’ అంటారు, అదంటే కనీసం ఆర్మ్‌వీ7. 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్‌వీ6. డెబియన్ ఆర్మ్‌హెచ్ఎఫ్ దానిమీద నడవదు. హార్డ్ ఫ్లోట్ వదులుకోవడం ఇష్టంలేక, అదే డెబియన్ సోర్స్ తీసుకుని ఆర్మ్‌వీ6కి మొత్తం మళ్లీ కంపైల్ చేశారు. అలా పుట్టిందే రాస్పియన్. పేరు మార్చారా? లేదు. అక్కడా ఆర్మ్‌హెచ్ఎఫ్, ఇక్కడా ఆర్మ్‌హెచ్ఎఫ్. టార్గెట్ పేరులోనూ అక్షరం తేడా లేదు. డెబియన్ ప్యాకేజీ తెచ్చి పై జీరోలో వేస్తే ఇన్‌స్టాల్ చక్కగా అవుతుంది, నడిపితే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. మీరు ఎంతో నమ్మకంగా రాసిపెట్టిన పేరు ఇక్కడ యూనేమ్ కంటే ఎక్కువ ఏం చెప్పింది?

బాబాయి: దెబ్బ బాగానే కొట్టావు. పేరొక్కటే చాలదు, నిజమే. పేరూ, దాని పక్కన కనీస స్థాయీ, రెండూ రాయాలి. ‘మార్చ్=ఆర్మ్‌వీ6’ అని. ఎక్స్86కి కూడా ఇప్పుడు మెట్లు ఏర్పరిచారు కదా. 2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసె కూర్చుని వీ2, వీ3, వీ4 అని గీతలు గీశాయి.

అమ్మాయి: అవును, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వీ2 అడుగుతుంది, 10 వీ3 అడుగుతుంది. అంటే పంపిణీదారులు కూడా నా దారిలోకే వస్తున్నారు. పాత చిప్‌ల కోసం అందరూ ఎందుకు ఆగాలి? అసలు లినస్ 1991లో కెర్నెల్ రాసిందే 386 కోసం. 2013లో 3.8 వెర్షన్ 386నే వదిలేసింది.

బాబాయి: వదిలేయడం తప్పని నేననను. గీత ఎక్కడ గీశారో ముందే చెప్పి వదిలేశారు. వీ3 అంటే ఏవీఎక్స్2 ఉండాలి. అది 2013లో హాస్‌వెల్‌తో వచ్చింది. కాబట్టి 2013 తర్వాతి మెషిన్లన్నీ సరే అనుకోకు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అమ్మిన పెంటియంలు, సెలెరాన్లు చాలావాటిలో అది లేదు. మన కాలేజీల ల్యాబుల్లో అలాంటివి కొన్నవాళ్లు తక్కువా? తేదీ చూసి చిప్‌ని ఊహించకూడదని అందుకే అంటాను. ఇక వేగం సంగతి. నీకు వేగం కావాలంటే మొత్తం సిస్టమ్‌ని ఒక చిప్‌కి కట్టేయక్కర్లేదు. జీలిబ్‌సీలో మెమ్‌కాపీ లాంటివి ఒక్కోటి నాలుగైదు రకాలుగా రాసి ఉంటాయి. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు చిప్ చూసి ఒకటి ఎంచుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన జీలిబ్‌సీ 2.33 నుంచి లైబ్రరీలకి లైబ్రరీలే ‘జీలిబ్‌సీ-హెచ్‌డబ్ల్యూక్యాప్స్’ డైరెక్టరీలో వీ3కి వేరేగా పెట్టుకోవచ్చు. చిప్‌కి వీ3 ఉంటే అవి, లేకపోతే మామూలువి.

అమ్మాయి: అంటే అక్కడ యంత్రాన్ని అడుగుతున్నట్టేగా!

బాబాయి: నడిచేటప్పుడు అడుగుతోంది. కట్టేటప్పుడు కాదు. నడిచేటప్పుడు అడిగితే ఎదురుగా ఉన్న యంత్రమే జవాబిస్తుంది. కట్టేటప్పుడు అడిగితే ఆ రోజు అక్కడున్న యంత్రం జవాబు బైనరీలో ఉండిపోతుంది. అంతకంటే ముఖ్యం ఇంకోటి. అడగడానికి యంత్రమే లేని రోజులుంటాయి. ఆప్టెరాన్ మార్కెట్లోకి రాకముందే సూసె మనుషులు ఏఎండీ సిమ్యులేటర్ మీద కెర్నెల్నీ కంపైలర్నీ సిద్ధం చేశారు. 64 బిట్ల ఆర్మ్ 2012 డిసెంబరులో 3.7 కెర్నెల్లో చేరిపోయింది. ఆ చిప్ పెట్టుకున్న మొదటి ఫోను, ఐఫోన్ 5ఎస్, 2013 సెప్టెంబరులో వచ్చింది. ‘యూనేమ్ -ఎం’ కొట్టడానికి వాళ్ల దగ్గర ఏముంది?

అమ్మాయి: నేను కొత్త చిప్ తయారు చేయడం లేదు కదా బాబాయ్. కానీ మీ వాదంలో పెద్ద చిల్లు ఒకటుంది. పీసీ మీద కూర్చుని ఆర్మ్‌కి కట్టారు. పేరు సరే, స్థాయి సరే, లోడర్ సరే. ‘మేక్ చెక్’ నడిపారా?

బాబాయి: క్రాస్‌లో నడవదు.

అమ్మాయి: అదీ! ఎక్స్86లో క్యార్ అంటే మైనస్ కూడా పట్టే రకం. ఆర్మ్ లినక్స్‌లో సున్నా నుంచి 255. ఎవరో గెట్‌క్యార్ ఇచ్చిన దాన్ని క్యార్‌లో పెట్టుకుని, మైనస్ ఒకటి వచ్చేదాకా తిప్పాడనుకోండి. ఎక్స్86 మీద చక్కగా ఆగుతుంది. ఆర్మ్ మీద ఎప్పటికీ ఆగదు. మీరు చెప్పిన మూడు ఎర్రర్లలో ఏదీ రాదు. ఇలాంటి తలనొప్పి వదిలించుకోవడానికి కెర్నెల్ వాళ్లే 6.2 నుంచి అన్ని చిప్‌ల మీదా క్యార్‌ని అన్‌సైన్డ్ చేసేశారు. ఇంకా ఉన్నాయి. లాంగ్ డబుల్ ఇక్కడ 80 బిట్లు, ఏఆర్చ్64లో 128. రెండు త్రెడ్లు రాసే వరస విషయంలో ఎక్స్86 ఓర్చుకున్నంతగా ఆర్మ్ ఓర్చుకోదు. ఇవన్నీ ఆ చిప్ మీద టెస్టులు నడిపితేనే బయటపడతాయి. క్యూఈఎంయూ లాంటి ఎమ్యులేటర్‌లో నడిపినా అన్నీ దొరకవు. అందుకే నేటివ్ అంటున్నాను. వేగం కోసం కాదు, టెస్టుల కోసం.

బాబాయి: టెస్టుల కోసం అయితే నేనూ నీ పక్షమే. బోర్డు చేతిలో ఉంటే దానిమీదే కట్టు, దానిమీదే చెక్ నడుపు. మేమూ చివరికి బోర్డు మీద నడిపి చూశాకే పంపేవాళ్లం. కానీ బోర్డు మీద కట్టినా నా నియమం మానకు. జెమ్యాలక్ అనే మెమరీ లైబ్రరీ ఉంది. కాన్ఫిగర్ సమయంలో ఆ మెషిన్ పేజీ సైజు అడిగి బైనరీలో రాసేసుకుంటుంది. పై 4 మీద కడితే 4 కిలోబైట్లు. దాన్నే పై 5కి తీసుకుపో. అక్కడ మామూలుగా వచ్చే కెర్నెల్ పేజీ సైజు 16. ‘అన్‌సపోర్టెడ్ సిస్టమ్ పేజ్ సైజ్’ అని మొదట్లోనే పడిపోతుంది. ఒకే జాతి, ఒకే లోడర్, ఇన్‌స్ట్రక్షన్లూ సరిపోయాయి. నేటివ్‌గానే కట్టారు, టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా పడింది. ముందే ‘పేజీ 64 దాకా ఉండొచ్చు’ అని చెప్పి కడితే రెండిటి మీదా నడిచేది.

అమ్మాయి: మళ్లీ రెండో మెషిన్ దగ్గరికే తెచ్చారు. నాకున్నది ఒక్కటే మెషిన్ అని మొదట్నుంచీ చెబుతున్నాను.

బాబాయి: నీ మెషిన్ పాడైతే? మదర్‌బోర్డు మారిస్తే?

అమ్మాయి: మళ్లీ కట్టుకుంటాను. స్క్రిప్టులున్నాయి.

బాబాయి: ఆ స్క్రిప్టుల్లో కొత్త చిప్ పేరుకి కొమ్మ ఉందా?

అమ్మాయి: ...లేదు. రాస్తాను. కానీ ‘మార్చ్=నేటివ్’ మాత్రం తీయను.

బాబాయి: తీయక్కర్లేదు. అక్కడ నేటివ్ అని కాకుండా, ఆ చిప్ పేరేదో అదే రాయి. నేటివ్ అంటే జీసీసీ దేనికి విప్పుకుంటోందో ‘-క్యూ --హెల్ప్=టార్గెట్’ కలిపి అడిగితే అదే చెబుతుంది. ఒక్కసారి అడిగి, జవాబు కాగితం మీద పెట్టు. రేపు పడిపోయినప్పుడు దేనికి కట్టావో నీకైనా తెలుస్తుంది.

అమ్మాయి: అది చేస్తాను. రిస్క్-ఫైవ్ బోర్డు మీద కూడా కట్టాలనుంది బాబాయ్. మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి, సీడాక్ వాళ్ల వేగా, రెండూ ఆ జాతివే కదా.

బాబాయి: కట్టు. అక్కడ మాత్రం స్థాయి ఇంకా జాగ్రత్త. డెబియన్ 13 అధికారికంగా రిస్క్-ఫైవ్‌ని తీసుకున్న ఏడాదే, 2025లోనే, ఉబుంటు 25.10 తన కనీస స్థాయిని ఆర్‌వీఏ23కి పెంచేసింది. అప్పటికి జనం చేతుల్లో ఉన్న బోర్డులు చాలావరకు దానికి అందవు. రెండిటి పేరూ రిస్క్‌వీ64యే. పాత ప్యాకేజీలు తెచ్చి కట్టేటప్పుడు కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ కొత్తవి వేసుకో. ఆ చిప్ పుట్టకముందు రాసిన స్క్రిప్టుకి దాని పేరే తెలియదు, మొదటి నిమిషంలోనే ఆగిపోతుంది.

అమ్మాయి: ఆగిపోతే మంచిదేగా. మీరే అన్నారు, తెలియకపోతే ఆపేయాలని.

వాదం అక్కడ ఆగింది. తీర్పు చెప్పమని నన్నెవరూ అడగలేదు కానీ చెబుతాను. కట్టేచోటు విషయంలో అమ్మాయిదే సరైన మాట. బోర్డు అందుబాటులో ఉండి, దానిలో కంపైలర్ పట్టేంత మెమరీ ఉంటే నేటివ్‌గా కట్టి టెస్టులు నడపడానికి మించింది లేదు. క్రాస్ కంపైల్ అవసరానికి చేసేదే తప్ప గొప్పకి చేసేది కాదు. చెప్పి కట్టడం విషయంలో బాబాయి మాటే నెగ్గుతుంది, ఒక్క మెషిన్ ఉన్నవాళ్లకి కూడా. మీరూ ఈ పనికి కూర్చుంటే, మొదటి ప్యాకేజీ విప్పకముందే ఒక ఫైలులో నాలుగు రాసుకోండి: టార్గెట్ పేరు, కనీస ప్రాసెసర్, లైబ్రరీల డైరెక్టరీ, పేజీ సైజు. జీఎంపీ దగ్గరికొచ్చినప్పుడు ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి.